శారీరక వైకల్యంతో క్రీడాకారులుగా రాణించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

శారీరక వైకల్యం ఉండి ఆటల్లోకి రావాలనుకునేవారు, ఇప్పటికే ఆడుతూ పై స్థాయికి వెళ్లాలనుకునేవారు, వారి కుటుంబసభ్యులు, శిక్షకులు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. వర్గీకరణ, వెన్నుపాము గాయం, కృత్రిమ అవయవాల విషయంలో సగం తెలిసి సగం తెలియకపోవడం వల్ల జరిగే నష్టం పెద్దది కనుక ఆ సమాధానాలు కాస్త పొడుగ్గా ఉంటాయి. వైద్య సంబంధమైన సంగతులు అవగాహన కోసమే చెప్పినవి; మిమ్మల్ని స్వయంగా పరీక్షించిన వైద్యుడు చెప్పినదే మీకు ప్రమాణం.

ప్రమాదం లేదా శస్త్రచికిత్స జరిగిన ఎంత కాలానికి ఆట మొదలుపెట్టవచ్చు?

అందరికీ వర్తించే గడువు అంటూ లేదు. గాయం మానడం, ఎముక అతుక్కోవడం, రక్తపోటు నిలకడగా ఉండడం, చర్మం ఒత్తిడిని తట్టుకోగలగడం అనే నాలుగు విషయాలను వైద్యుడు చూసి అనుమతి ఇస్తారు. అయితే పూర్తిగా కోలుకున్న తరువాతే ఆట గురించి ఆలోచించాలన్న అభిప్రాయం మాత్రం సరైనది కాదు. ఆటను చికిత్సలోనే భాగం చేయవచ్చని చూపిన వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్. ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో 1944లో వెన్నుపాము గాయాల విభాగాన్ని ప్రారంభించిన ఆయన, మంచానికే పరిమితమనుకున్న యువ సైనికుల చేత బంతి విసిరించి, విల్లు పట్టించి, వారి భుజాలకు బలాన్నీ నడుముకు నిలకడనూ తిరిగి తెచ్చారు. లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన 1948 జూలై 29నే ఆ ఆసుపత్రి ఆవరణలో 16 మంది విలువిద్యలో పోటీపడ్డారు. ఆ చిన్న పోటీ నుంచే 1960లో రోమ్‌లో 23 దేశాల వారు పాల్గొన్న తొలి పారాలింపిక్స్ పుట్టాయి. కాబట్టి పునరావాస చికిత్స జరుగుతుండగానే ఫిజియోథెరపిస్టును అడగవలసిన ప్రశ్న “ఎప్పుడు ఆడవచ్చు?” అన్నది కాదు, “ఇప్పుడు ఉన్న స్థితిలో ఏది ఆడవచ్చు?” అన్నది.

నాకు ఏ క్రీడ సరిపోతుందో ఎలా తెలుస్తుంది?

వైకల్యాన్ని బట్టి క్రీడను నిర్ణయించడం చాలామంది చేసే పని. చేతులు బాగున్నాయి కనుక బరువులెత్తడం, కాళ్లు బాగున్నాయి కనుక పరుగు అన్న లెక్క తేలికగా కనిపిస్తుంది కానీ, అది ఎన్నోసార్లు తప్పుతుంది. రెండు చేతులూ లేని అమెరికా క్రీడాకారుడు మాట్ స్టట్జ్‌మన్ కాలితో విల్లు పట్టి, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంపౌండ్ (కప్పీలు అమర్చిన విల్లు) విభాగంలో స్వర్ణం గెలుచుకున్నారు. అదే పోటీల్లో, చేతులు లేకుండా జన్మించిన భారత క్రీడాకారిణి శీతల్ దేవి మిశ్రమ జట్టు విభాగంలో కాంస్యం సాధించారు. ఈజిప్టుకు చెందిన ఇబ్రహీం హమద్తూ నోటితో బ్యాటు పట్టి, కాలి వేళ్లతో బంతిని ఎగరేసి టేబుల్ టెన్నిస్ ఆడతారు. వీరిలో ఎవరినైనా పై లెక్క ప్రకారం పరీక్షించి ఉంటే వేరే ఆటకు పంపేవారు.

మొదట మీకు ఇష్టమైన ఆటను ఎంచుకుని, ఆ తరువాత అందులో మీ శరీరానికి ఉన్న మార్గం ఏమిటో వెతకడం మంచిది. ఇష్టం ఏదో ఇంకా తేలనివారు ఈత, విలువిద్య, టేబుల్ టెన్నిస్ వంటి వాటితో మొదలుపెట్టవచ్చు. ఈతలో కృత్రిమ అవయవాలను వాడనివ్వరు గనుక పరికరాల ఖర్చు దాదాపు ఉండదు. చేతులు, కాళ్లు, నడుము అన్నింటిపైనా పట్టు తక్కువగా ఉన్నవారికి బోచియా అనే ఆట ఉంది. తెల్లని లక్ష్య బంతికి దగ్గరగా మెత్తని తోలు బంతులను చేర్చడమే ఆట. బంతిని విసరలేనివారు వాలు పట్టాపై నుంచి తలకు కట్టుకున్న కడ్డీతోనైనా వదలవచ్చు. సహాయకుడు వాలును సర్దుతాడు కానీ, ఆటస్థలం వైపు తిరిగి చూడకూడదు. ఎత్తుగడ పూర్తిగా క్రీడాకారునిదే. చదరంగంలాంటి ఈ ఆటను చాలామంది కాలక్షేపంగా చూడడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

క్రీడను ఎంచుకునేటప్పుడు మరో విషయం కూడా కనుక్కోవాలి. మీ వర్గానికి, మీ అంశానికి పెద్ద పోటీల్లో చోటు ఉందా? ఎడమ చేయి కోల్పోయిన జావెలిన్ క్రీడాకారుడు దేవేంద్ర ఝఝారియా 2004 ఏథెన్స్‌లో స్వర్ణం గెలిచారు. ఆయన అంశం 2008, 2012 పారాలింపిక్స్‌లో లేదు. పన్నెండేళ్లు ఆగి 2016 రియోలో మళ్లీ స్వర్ణం గెలిచారు. అంత ఓపిక అందరికీ సాధ్యం కాదు కనుక, రానున్న పోటీల అంశాల జాబితాను ముందే చూసుకోవడం తెలివైన పని.

వర్గీకరణ అంటే ఏమిటి? అది ఎందుకు అవసరం?

బాక్సింగ్‌లో బరువును బట్టి పోటీదారులను విడదీసినట్లే, పారా క్రీడల్లో వైకల్యం ఆటపై చూపే ప్రభావాన్ని బట్టి విడదీస్తారు. ఎవరి వైకల్యం తక్కువో వారే గెలిచే పరిస్థితి రాకుండా, శిక్షణ, నైపుణ్యం, పట్టుదల ఫలితాన్ని తేల్చేలా చూడడమే దీని ఉద్దేశం. అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ గుర్తించిన అర్హ వైకల్యాలు మొత్తం పది. చూపు, మేధస్సుకు సంబంధించిన రెండింటిని పక్కన పెడితే మిగిలిన ఎనిమిదీ శారీరకమైనవే: కండరాల బలం తగ్గడం, కీళ్ల కదలిక పరిధి తగ్గడం, అవయవం లేకపోవడం లేదా అసంపూర్ణంగా ఉండడం, రెండు కాళ్ల పొడవులో తేడా, పొట్టి ఎత్తు, కండరాల అతిబిగుతు, కదలికల్లో పొందిక లోపించడం, అదుపులేని అసంకల్పిత కదలికలు.

పరీక్షలో మూడు మెట్లు ఉంటాయి. మీ ఆరోగ్య స్థితి వల్ల ఈ జాబితాలోని వైకల్యం కలిగిందా అన్నది మొదటిది. ఆ వైకల్యం ఆ క్రీడకు నిర్దేశించిన కనీస స్థాయిలో ఉందా అన్నది రెండవది. ఉంటే మీరు ఏ వర్గానికి చెందుతారన్నది మూడవది. నొప్పి, త్వరగా అలసిపోవడం, కీళ్లు అతిగా వంగడం వంటివి ఎంత బాధపెట్టినా వాటంతట అవి అర్హత ఇవ్వవు. రోజువారీ జీవితంలో ఎంతో ఇబ్బంది పడుతున్న వ్యక్తి ఒక క్రీడలో అనర్హులని తేలడం వారికి చాలా కష్టం కలిగిస్తుంది. అయితే ఆ నిర్ణయం ఆ క్రీడకు మాత్రమే సంబంధించినది. అదే వ్యక్తి మరొక క్రీడలో అర్హులు కావచ్చు.

వర్గాల పేర్లు అక్షరంతో, అంకెతో ఉంటాయి. అథ్లెటిక్స్‌లో టీ అంటే పరుగు, దూకే అంశాలు, ఎఫ్ అంటే విసిరే అంశాలు. 30లలో ఉన్న అంకెలు సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలపై పట్టు తగ్గే స్థితి) వంటి పొందిక సమస్యలకు, 40, 41 పొట్టి ఎత్తుకు, 42 నుంచి 47 వరకు కాళ్లు చేతుల వైకల్యాలకు, 50లలోవి కూర్చుని పోటీపడేవారికి, 61 నుంచి 64 వరకు కృత్రిమ కాలితో పోటీపడేవారికి కేటాయించారు. ఈతలో ఎస్1 నుంచి ఎస్10 వరకు శారీరక వైకల్యాలవి. అంకె తగ్గేకొద్దీ వైకల్య ప్రభావం ఎక్కువ. జట్టు ఆటల్లో పద్ధతి వేరు. వీల్‌చైర్ బాస్కెట్‌బాల్‌లో ప్రతి ఆటగాడికి 1.0 నుంచి 4.5 వరకు పాయింట్లు ఇచ్చి, మైదానంలోని ఐదుగురి మొత్తం 14 దాటకూడదంటారు. వీల్‌చైర్ రగ్బీలో 0.5 నుంచి 3.5 వరకు ఇచ్చి, నలుగురి మొత్తం 8 దాటనివ్వరు. దీనివల్ల ఎక్కువ వైకల్యం ఉన్న ఆటగాడు జట్టుకు భారం కాడు. అతను ఉంటేనే బలమైన మరో ఆటగాడికి చోటు దొరుకుతుంది. బరువులెత్తే పోటీలో మాత్రం అసలు వర్గాలే లేవు. కనీస అర్హత ఉన్నవారందరూ శరీర బరువును బట్టి పోటీపడతారు. ఇరాన్‌కు చెందిన సియామంద్ రహ్మాన్ 2016లో రియోలో పడుకుని ఎత్తిన బరువు 310 కిలోలు.

వర్గీకరణ పరీక్షకు ఎలా సిద్ధపడాలి?

వైద్య పత్రాలు తాజాగా ఉండాలి. వ్యాధి నిర్ధారణ, శస్త్రచికిత్స వివరాలు, స్కాన్ నివేదికలు, వాడుతున్న మందుల జాబితా ఒకే చోట పెట్టుకోండి. పోటీలో వాడే పరికరాలన్నీ, కట్టుకునే పట్టీలతో సహా, వెంట తీసుకువెళ్లండి. నిపుణులు మంచంపై మీ కండరాల బలం, కదలిక కొలుస్తారు. తరువాత ఆటలోని కదలికలు చేసి చూపమంటారు. అవసరమైతే పోటీలో ఆడుతుండగా గమనిస్తారు. మీకు తోడుగా ఒకరిని అనుమతిస్తారు. కండరాల బిగుతు చలికీ, అలసటకూ, ఆందోళనకూ మారుతూ ఉంటుంది కనుక సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారు ఆ సంగతిని నిపుణులకు తప్పక చెప్పాలి.

ఉన్న శక్తిని దాచి తక్కువ వర్గంలోకి వెళ్లాలనే సలహా ఎవరైనా ఇస్తే అక్కడితో ఆ మాట ఆపించండి. కావాలని తప్పుదారి పట్టించడం డోపింగ్‌తో సమానమైన నేరంగా పరిగణించబడుతుంది. దీర్ఘకాల నిషేధం తప్పదు. మోసం ఒకరితో ఆగదని చెప్పడానికి 2000 సిడ్నీ పారాలింపిక్స్ ఉదంతం చాలు. మేధో వైకల్య విభాగంలో స్వర్ణం గెలిచిన స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టులో అత్యధికులకు అసలు ఏ వైకల్యమూ లేదని తేలింది. ఆ తరువాత 2012 లండన్ వరకు ఆ విభాగం క్రీడాకారులెవరికీ పారాలింపిక్స్‌లో ప్రవేశమే లేకుండా పోయింది.

నా వర్గం మధ్యలో మారవచ్చా?

మారవచ్చు. వయసు పెరుగుతున్నవారికి, క్రమంగా ముదిరే వ్యాధి ఉన్నవారికి, నియమాలు సవరించినప్పుడు అందరికీ పునఃపరీక్ష ఉంటుంది. నిన్నటి వరకు మొదటి మూడు స్థానాల్లో ఉన్నవారు కొత్త వర్గంలో ఫైనల్‌కు కూడా రాకపోవచ్చు. నిర్ణయంలో పద్ధతి ప్రకారం తప్పు జరిగిందనిపిస్తే గడువులోగా అభ్యంతరం దాఖలు చేయాలి. ఒకే ఒక్క అంశం మీద కాక రెండు మూడు అంశాల్లో సాధన ఉన్నవారు ఇటువంటి మార్పును సులభంగా తట్టుకుంటారు.

వెన్నుపాము గాయం ఉన్నవారి శిక్షణలో ప్రత్యేకంగా గమనించవలసినవి ఏమిటి?

వెన్నుపాము గాయం కాళ్లను మాత్రమే నిలిపివేయదు. గుండె వేగాన్ని, రక్తపోటును, చెమటను నడిపే నరాల దారిని కూడా తెంచగలదు. అన్ని శిక్షణ పట్టికల్లోనూ కనిపించే గుండె వేగపు లెక్కలు ఇక్కడ పనిచేయవు. మెడ దగ్గర గాయమైనవారిలో ఎంత శ్రమించినా గుండె వేగం సాధారణంగా నిమిషానికి 110 నుంచి 130 మధ్యే ఆగిపోతుంది. వారిని “ఇంకా గట్టిగా ప్రయత్నించు” అనడంలో అర్థం లేదు. శ్రమ ఎంతగా అనిపిస్తోందో క్రీడాకారుడే అంకెల్లో చెప్పే పద్ధతిని, దూరాన్ని, వేగాన్ని ఆధారం చేసుకోవాలి.

రెండవది వేడి. గాయం కింద ఉన్న భాగానికి చెమట పట్టదు. మెడ గాయమైతే దాదాపు ఒళ్లంతా అంతే. చుట్టూ ఉన్నవారికి హాయిగా ఉన్న వాతావరణంలోనే వీరి శరీరం లోపల వేడెక్కుతుంది. పోటీకి ముందు చల్లని జాకెట్, ముఖం మీద, చేతుల మీద నీళ్లు చల్లుకునే సీసా, విరామంలో నీడ అన్నవి వీరికి తప్పనిసరి. అవయవం కోల్పోయినవారికి కూడా చెమట పట్టే చర్మం తగ్గుతుంది కనుక ఇదే జాగ్రత్త కొంతవరకు వర్తిస్తుంది.

మూడవది అన్నింటికంటే ముఖ్యమైనది. ఛాతీ వద్ద ఆరవ వెన్నుపూస స్థాయిలో గానీ, అంతకంటే పైన గానీ గాయమైనవారిలో ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా అనే ప్రమాదకర స్థితి రావచ్చు. స్పర్శ లేని భాగంలో ఏదైనా బాధ కలిగినప్పుడు, ఉదాహరణకు మూత్రాశయం నిండిపోయినా, కెథెటర్ (మూత్రాన్ని బయటికి తీసే గొట్టం) మెలిపడినా, మలబద్ధకం ఉన్నా, పట్టీ బిగుసుకున్నా, కాలి గోరు లోపలికి పెరిగినా, రక్తపోటు ఒక్కసారిగా ఎగసిపోతుంది. తల పగిలిపోయేలా నొప్పి, ముఖం ఎర్రబడడం, గాయం పైభాగంలో చెమటలు, ముక్కు దిబ్బడ దీని గుర్తులు. వెంటనే మనిషిని నిటారుగా కూర్చోబెట్టాలి, పడుకోబెట్టకూడదు. బట్టలు, పట్టీలు వదులు చేసి, కారణం వెతికి తొలగించాలి. తగ్గకపోతే అది అత్యవసర వైద్యం అవసరమైన స్థితి, ఎందుకంటే మెదడులో రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంది. శిక్షకులు, జట్టు సభ్యులు, ఇంట్లోవారు అందరూ ఈ ఒక్క విషయం కంఠస్థం చేయాలి.

కొందరు పోటీలో మెరుగ్గా రాణించడానికి ఇదే స్థితిని కావాలని తెచ్చుకుంటారని విన్నాను. నిజమేనా?

నిజమే. దీన్ని బూస్టింగ్ అంటారు. రక్తపోటు పెరిగితే శ్రమించే శక్తి కూడా తాత్కాలికంగా పెరుగుతుంది కనుక, మూత్రాశయాన్ని నింపుకోవడం, కాలికి గట్టిగా పట్టీ కట్టుకోవడం వంటి పనులు చేసినవారు ఉన్నారు. అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ దీన్ని నిషేధించింది. పోటీకి ముందు పై రక్తపోటు 160 గానీ అంతకు మించి గానీ ఉంటే కొద్దిసేపాగి మళ్లీ కొలుస్తారు. అప్పటికీ తగ్గకపోతే పోటీ నుంచి తప్పిస్తారు. కావాలని తెచ్చుకున్నారా, దానంతట అదే వచ్చిందా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. ఆ స్థితిలో ఎవరినీ పోటీకి దింపరు.

భుజాల నొప్పిని ఎలా నివారించాలి?

వీల్‌చైర్ వాడేవారికి భుజాలే కాళ్లు కూడా. సాధన ముగిశాక పరుగువీరుడు కూర్చుని కాళ్లకు విశ్రాంతి ఇవ్వగలడు. వీల్‌చైర్ క్రీడాకారుడు అదే భుజాలతో ఇంటికి వెళ్లాలి, మంచం ఎక్కాలి, స్నానం చేయాలి. కుర్చీని ముందుకు తోసే కదలిక ఛాతీ కండరాలను బలపరుస్తూ, వీపు కండరాలను వెనకబెడుతుంది. ఆ అసమానత వల్లే భుజం కీలులోని స్నాయువులు నలుగుతాయి. అందుచేత వెనక్కి లాగే వ్యాయామాలు, భుజం ఎముకల మధ్య కండరాలను బిగించే వ్యాయామాలు తోసే సాధనకు తగినంతగా ఉండాలి. చక్రాల ఇరుసు స్థానం, కూర్చునే ఎత్తు, గాలి ఒత్తిడి సరిచూసుకుంటే వ్యాయామం కంటే ఎక్కువ మేలు జరిగిన సందర్భాలూ ఉన్నాయి. కుర్చీలోంచి మారే ప్రతిసారీ చేతులపై మోపే బరువునూ శిక్షణ భారంలో లెక్కించండి.

చర్మం, ఎముకల విషయంలో ఏమి జాగ్రత్తలు?

స్పర్శ లేని చోట పుండు పడితే నొప్పి చెప్పదు. ఒత్తిడి పుండు ఒకటి వారాలు, ఒక్కోసారి నెలలు మంచాన పడేస్తుంది. ఒక సీజన్ పోవడానికి ఇంతకంటే సాధారణమైన కారణం లేదేమో అనిపిస్తుంది. ప్రతి 15 నుంచి 30 నిమిషాలకు ముందుకు వంగి గానీ పక్కకు ఒరిగి గానీ పిరుదుల మీది ఒత్తిడి తగ్గించండి. పోటీ కుర్చీల్లో మెత్తలు పలుచగా, పట్టీలు బిగుతుగా ఉంటాయి కనుక సాధన అయిన వెంటనే రోజువారీ కుర్చీలోకి మారండి. రాత్రి అద్దంతో చర్మం చూసుకోవడం పళ్లు తోముకున్నంత మామూలు అలవాటు కావాలి. ఎరుపు తగ్గకుండా ఉంటే ఆ భాగంపై బరువు పడే సాధన ఆపాలి.

కదలని కాళ్లలో ఎముకలు గుల్లబారుతాయి. చిన్నపాటి పతనానికే విరగవచ్చు; నొప్పి తెలియదు గనుక వాపు, వేడి, ఆకారంలో మార్పు కనిపిస్తే ఎక్స్‌రే తీయించాలి.

రోజూ వాడే కృత్రిమ కాలితోనే పరుగెత్తవచ్చా?

కొద్ది దూరం, నెమ్మదిగా అయితే కొందరు చేస్తారు. సాధనకు మాత్రం అది తగదు. రోజువారీ కాలు నిలబడడానికి, నడవడానికి తయారైనది; దానికి మడమ ఉంటుంది. పరుగు బ్లేడుకు మడమ ఉండదు. కార్బన్ ఫైబర్‌తో చేసిన ఆ వంపు, నేలను తాకినప్పుడు నొక్కుకుని శక్తిని నిలువ చేసి, లేచేటప్పుడు తిరిగి ఇస్తుంది. దానిపై స్థిరంగా నిలబడడమే కష్టం. మీ బరువును, వేగాన్ని, అంశాన్ని బట్టి గట్టిదనం ఎంచుకోవాలి. బరువులో మార్పు వస్తే బ్లేడు కూడా మార్చవలసి రావచ్చు.

అయినా అందరి కళ్లూ బ్లేడు మీదే ఉంటాయి గానీ, పరుగు కుదిరేదీ చెడేదీ సాకెట్ దగ్గర, అంటే మిగిలిన కాలిని ఇముడ్చుకునే తొడుగు దగ్గర. మిగిలిన కాలి భాగం, అంటే మొండి, రోజంతా ఒకే పరిమాణంలో ఉండదు; శ్రమకు, వేడికి కుదించుకుంటుంది. అప్పుడు సాకెట్ వదులై లోపల రాపిడి మొదలవుతుంది. అందుకే అనుభవజ్ఞులు రకరకాల మందం గల మేజోళ్లు సంచిలో ఉంచుకుని మధ్యలో వేసుకుంటారు. మొండికి తొడిగే మెత్తని లైనర్ తీసి చెమట తుడుచుకుంటారు. బొబ్బ వచ్చిన రోజు పరుగు మాని ఈతకో, చేతి వ్యాయామానికో మళ్లడం పిరికితనం కాదు. లేని పాదంలో నొప్పి రావడం కూడా సాధారణమే. అది భ్రమ కాదు, నాడీవ్యవస్థలో నిజంగా జరిగేది. అద్దం ముందు చేసే చికిత్స, సాకెట్ సవరణ, మందులు కొందరికి ఉపశమనం ఇస్తాయి.

బ్లేడ్ల వల్ల అన్యాయమైన లాభం కలుగుతుందా?

ఈ చర్చ ఇంకా తేలలేదు, ఒకే వాక్యంలో తేలేదీ కాదు. రెండు కాళ్లూ లేని దక్షిణాఫ్రికా పరుగువీరుడు ఆస్కార్ పిస్టోరియస్ బ్లేడ్లతో వైకల్యం లేనివారి పోటీల్లో పాల్గొనకుండా విధించిన నిషేధాన్ని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2008లో కొట్టివేయగా, ఆయన 2012 లండన్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల సెమీఫైనల్ దాకా వెళ్లారు. 2020లో అదే న్యాయస్థానం అమెరికా క్రీడాకారుడు బ్లేక్ లీపర్ బ్లేడ్లు ఆయన్ను ఉండవలసిన ఎత్తు కంటే ఎత్తుగా చేస్తున్నాయని తేల్చింది. అయితే లాభం ఉందని నిరూపించే బాధ్యత క్రీడాకారునిది కాదు, అథ్లెటిక్స్ సమాఖ్యదేనని కూడా చెప్పింది. రెండు కాళ్లూ లేనివారికి గరిష్ఠ ఎత్తును లెక్కగట్టే సూత్రం పారా అథ్లెటిక్స్‌లో అమలులో ఉంది. మోకాలి కింద కుడి కాలు కోల్పోయిన జర్మనీ క్రీడాకారుడు మార్కస్ రేమ్ 2023లో 8.72 మీటర్ల దూరం దూకారు. టోక్యో ఒలింపిక్స్ లాంగ్‌జంప్ స్వర్ణం వచ్చినది 8.41 మీటర్లకే. ఆయన బ్లేడు ఉన్న కాలితోనే ఎగురుతారు గనుక ఒలింపిక్స్ తలుపు తెరుచుకోలేదు. నా దృష్టిలో, బ్లేడు పరుగు మొదట్లో, మలుపుల్లో నష్టం కలిగించి, పూర్తి వేగం అందుకున్నాక లాభం ఇచ్చే అవకాశం ఉన్న పరికరం. కాబట్టి ఒక అంశంలో వచ్చిన తీర్పును అన్నింటికీ అంటగట్టడం సరికాదు.

వైకల్యం లేనివారితో కలిసి పోటీపడడం సాధ్యమేనా?

పారాలింపిక్స్ పుట్టకముందే సాధ్యమైంది. 1904 సెయింట్ లూయీ ఒలింపిక్స్‌లో జార్జ్ ఐసర్ కొయ్య కాలితో జిమ్నాస్టిక్స్‌లో ఒకే రోజు ఆరు పతకాలు, అందులో మూడు స్వర్ణాలు గెలిచారు. హంగరీ షూటర్ కరోలీ తకాచ్ గ్రెనేడు పేలి కుడిచేయి దెబ్బతిన్న తరువాత ఎడమచేతితో సాధన చేసి 1948లో, 1952లో స్వర్ణాలు సాధించారు. పోలియో వల్ల మోకాళ్ల కింద చలనం కోల్పోయిన డెన్మార్క్ గుర్రపు స్వారీ క్రీడాకారిణి లిస్ హార్టెల్, 1952లో పురుషులతో కలిసి పోటీపడి రజతం గెలిచారు. 1984లో న్యూజిలాండ్‌కు చెందిన నెరోలీ ఫెయిర్‌హాల్ వీల్‌చైర్ నుంచి ఒలింపిక్ విలువిద్యలో పాల్గొన్నారు. ఎడమ కాలు లేని నటాలీ డుటాయిట్ 2008లో పది కిలోమీటర్ల బహిరంగ జలాల ఈతలో 16వ స్థానంలో నిలిచారు. పోలండ్ టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నటాలియా పార్టికా రెండు రకాల పోటీల్లోనూ ఆడుతూ వచ్చారు.

స్థానిక స్థాయిలో అయితే ఇది మరింత తేలిక. వీల్‌చైర్ టెన్నిస్‌లో బంతి రెండుసార్లు నేలను తాకవచ్చనే ఒక్క నియమం తప్ప మిగిలినవన్నీ దాదాపు ఒకటే కనుక, కుర్చీలో ఉన్నవారు, నిలబడి ఆడేవారు ఒకే కోర్టులో సాధన చేయవచ్చు. 1975 బోస్టన్ మారథాన్‌లో బాబ్ హాల్ మూడు గంటల్లోపు పూర్తిచేస్తేనే ధ్రువపత్రం ఇస్తామని నిర్వాహకులు షరతు పెట్టగా, ఆయన 2 గంటల 58 నిమిషాల్లో వీల్‌చైర్‌పై గమ్యం చేరారు. నేడు ప్రపంచంలోని పెద్ద మారథాన్లలో వీల్‌చైర్ విభాగం ఉండడం మామూలైంది.

శిక్షకుడికి పారా క్రీడల అనుభవం లేకపోతే?

ఆటను లోతుగా ఎరిగి, నేర్చుకునే ఓపిక ఉన్న శిక్షకుడు చాలు. ఆట సంగతి ఆయన చెబితే, శరీరం సంగతి మీరు చెప్పాలి. అందుకు మీరు నోట్సు రాసుకోవాలి: ఏ పనికి ఎంతసేపటిలో అలసట వస్తోంది, ఏ సమయంలో కండరాలు బిగుస్తున్నాయి, పట్టీ ఎక్కడ కడితే నడుము నిలబడుతోంది, నిద్ర ఎలా ఉంది. జాలితో సాధన తగ్గించే శిక్షకుడూ వద్దు, సాధారణ పట్టికను మార్చకుండా అప్పగించే శిక్షకుడూ వద్దు.

ప్రయాణాల్లో మరుగుదొడ్డి ఇబ్బంది వల్ల నీళ్లు తాగడం మానేస్తున్నాను. ఫర్వాలేదా?

ఎంతోమంది చేసే పనే ఇది, అయినా హానికరం. నీరు తగ్గితే మూత్రం చిక్కబడి ఇన్ఫెక్షన్ వస్తుంది. పోటీ రోజుకు జ్వరంతో చేరతారు. నీళ్లు మానేయడం కాకుండా, తాగే సమయాన్నీ కెథెటర్ వాడే సమయాన్నీ ముందే నిర్ణయించుకోండి. కెథెటర్లు, మందులు, ఒక మెత్త, అత్యవసర పనిముట్లు చేతి సంచిలోనే ఉంచుకోవాలి. సామాను తప్పిపోతే అవి అక్కడి దుకాణంలో దొరుకుతాయన్న భరోసా లేదు. విమానంలో కుర్చీని అప్పగించే ముందు ఊడే భాగాలు తీసి, ఫొటోలు తీసి పెట్టుకోండి.

నేను రోజూ వాడే మందులు డోపింగ్ పరీక్షలో పట్టుబడతాయా?

పట్టుబడవచ్చు. కొన్ని రక్తపోటు మందుల్లో ఉండే మూత్రవర్ధకాలు ఎప్పుడూ నిషిద్ధమే. బలమైన నొప్పి మందులు, మాత్రలుగా లేదా ఇంజక్షన్లుగా తీసుకునే కార్టికోస్టెరాయిడ్లు పోటీ సమయంలో నిషిద్ధం. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు విలువిద్య, షూటింగ్ వంటి క్రీడల్లో నిషిద్ధం. అవసరమైన చికిత్సకు ముందుగా మినహాయింపు పొందే పద్ధతి ఉంది. దరఖాస్తుకు సమయం పడుతుంది కనుక పోటీ తేదీ దగ్గరపడేవరకు ఆగవద్దు. వైద్యుడు మందు మార్చిన ప్రతిసారీ మళ్లీ సరిచూసుకోవాలి. మూత్ర నమూనా ఇచ్చేటప్పుడు సొంత కెథెటర్ వాడుకోవచ్చు.

నా ఫలితం కంటే నా వైకల్యం గురించే అందరూ మాట్లాడుతున్నారు. ఏమి చేయాలి?

ప్రేరణ పొందామని చెప్పేవారిలో చాలామంది మంచి మనసుతోనే చెబుతారు. కానీ ఏడవ స్థానంలో నిలిచిన రోజున కూడా స్వర్ణం గెలిచినంతగా పొగిడితే, అది క్రీడాకారునికి అక్కరకు రాదు. ఆ రోజు ఎందుకు ఏడవ స్థానం వచ్చిందో చర్చించేవారు కావాలి. విలేకరులతో మాట్లాడేటప్పుడు ప్రమాదం కథ ఎంతవరకు చెప్పాలో ముందే నిర్ణయించుకోండి. అది చెప్పి తీరవలసినదేమీ కాదు. సమయం, దూరం, ప్రత్యర్థుల గురించి మీరే ముందు మాట్లాడితే ప్రశ్నలు కూడా క్రమంగా అటు తిరుగుతాయి.

దీనికి మరో వైపు కూడా ఉంది. నిరంతరం ధైర్యవంతులుగా కనిపించాలనే ఒత్తిడి వల్ల కొందరు తమ నొప్పిని, నిరాశను దాచుకుంటారు. నిద్ర పట్టకపోవడం, సాధనపై విముఖత, చిరాకు వారాల తరబడి ఉంటే మానసిక వైద్య నిపుణులను కలవడం, భుజం నొప్పికి ఫిజియోథెరపిస్టును కలిసినంత సహజమైన పని.

వయసు మీరిన తరువాత మొదలుపెట్టవచ్చా? ఎంత కాలం కొనసాగవచ్చు?

విలువిద్య, షూటింగ్, బోచియా, చేతితో తొక్కే సైకిలు వంటి వాటిలో నలభై దాటి మొదలుపెట్టినవారూ ముందుకు వెళ్లారు. బ్రిటన్‌కు చెందిన సారా స్టోరీ 1992లో పద్నాలుగేళ్ల వయసులో ఈత క్రీడాకారిణిగా పారాలింపిక్స్‌కు వచ్చి, తరువాత సైకిల్ పోటీలకు మారి, 2024 నాటికి 19 స్వర్ణాలు సాధించారు. పోలియో వచ్చినవారిలో దశాబ్దాల తరువాత కొత్తగా బలహీనత, అలసట మొదలుకావచ్చు. అటువంటివారు కండరాన్ని పూర్తిగా అలసిపోనివ్వకుండా, చిన్న చిన్న విడతలుగా సాధన చేయాలి.

పోటీలు విరమించాక ఏమి మారుతుంది?

సాధనను ఒక్కసారిగా ఆపకండి. వీల్‌చైర్ వాడేవారికి బరువు పెరిగితే ఆ భారం నేరుగా భుజాల మీద, చర్మం మీద పడుతుంది. కృత్రిమ కాలు వాడేవారికి సాకెట్ సరిపోకుండా పోతుంది. తీసుకునే ఆహారాన్ని కొత్త శ్రమకు తగ్గట్టు తగ్గించి, వారంలో కొన్ని రోజులైనా భుజాల, వీపు వ్యాయామాలను కొనసాగించండి. వర్గీకరణ నిపుణులుగా, శిక్షకులుగా, పరికరాల తయారీలో సలహాదారులుగా మాజీ క్రీడాకారుల అవసరం ఎప్పుడూ ఉంటుంది. వీటిలో కొన్నింటికి వైద్య లేదా క్రీడా శాస్త్ర అర్హత అడుగుతారు కాబట్టి, ఆడుతున్న కాలంలోనే ఆ చదువు మొదలుపెట్టడం మేలు.